చెవి అందిన రోజు

అయివారూ,
మీరు రాసిన తేదీ ఈ పొద్దుకు నన్ను చేరింది.

ఒకటి, ఏడు, అరవై రెండు.
మన బడిలో సగం మందికి అదే పుట్టినరోజు.
కార్వేటినగరం పక్కన ఒక్క పల్లెలో
ఒక్క దినం అన్ని కాన్పులంటే
మంత్రసాని నాగులమ్మ నవ్వీ నవ్వీ పడిపోయుండును.

మాయమ్మ లెక్క వేరే.
"చెనక్కాయలు పీకతా ఉంటే నొప్పులొచ్చినాయి,
గెనెం మీదే కన్నా" అనేది.
యే సంవత్సరమే అంటే
"మీ నాయన బాయి తొవ్వి నీళ్లు పడని యేడు."
ఆ యేడు యే క్యాలెండర్లో ఉండాదో
ఆఫీసోళ్లు అడగలా, నేను చెప్పలా.

అన్న వెనకాల వచ్చినా బడికి, మధ్యాన్నం ఉప్మా కోసరం.
"చెయ్యి తలమీంచి తిప్పి అవతలి చెవి పట్టుకోరా" అన్నారు మీరు.
అందలా.
మళ్లా అన్నారు. అందలా.
అప్పుడు నా తలకాయ మీరే రవంత వంచినారు.
చెవి దొరికింది.
పేరు రాసినారు, చెంగల్రాయుడు అని,
పక్కన ఆ తేదీ.
మీరు వంచిన వంపు
ఏడాదిన్నర పొడుగు.

ఆ కాగితంతోనే కల్యాణి డ్యాం కాడ ట్రైనింగు,
ఆ కాగితంతోనే తిరుపతి నంది సర్కిల్లో ఎండ.
అదే చెయ్యి ఎత్తినా.
కొండ బస్సులు ఆగినాయి, గుండ్లు ఆగినాయి,
గంగజాతరకు బండవేషాలు నా ముందర నిలబడి
నోటికొచ్చిన బూతులు తిట్టినాయి.
అది మొక్కు, కేసు కట్టకూడదు.

యాభై ఎనిమిదికి ఇంటికన్నారు.
కాదు, అరవై అన్నారు.
ఆ అరవై గడప కాడికొచ్చినాక
ఇంకో రెండేండ్లు ఉండమన్నారు.
సన్మానం గడియారానికని అముద గోడకు కొట్టిన మేకు
అట్నే ఖాళీగా తుప్పు పట్టింది.

"అన్నా, నువ్వు దిగితే గదా నేనెక్కేది" అన్నాడు ముస్తఫా.
నవ్వతానే అన్నాడు.
ఆ పొద్దు టీ డబ్బులు మాత్రం నన్నే ఇమ్మన్నాడు.
తెల్లారుజామున యూనివర్సిటీ గ్రౌండులో
పదహారు వందల మీటర్లు పరిగెత్తే పిల్లోళ్లు,
వయసు దాటిపోతా ఉంటే నోటిఫికేషన్ కోసం
చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లోళ్లు.
వాళ్లెదురైతే
నేనే దొంగ మాదిరి టోపీ కిందికి లాక్కునేది.

ఒకటో తారీకు పుట్టినోడు ముందుదినమే దిగిపోవాలంట.
జూన్ ముప్పై, సాయంత్రం అయిదు.
పుట్టినరోజుకు ఒక రాత్రి ముందే ముసిలోణ్ణయినా.
నా కొడుకు ఈడు దొర శాలువా కప్పి
"క్రమశిక్షణ" అన్నాడు నాలుగు తూర్లు.
బెల్టు, లాఠీ, టోపీ లెక్క చూసుకోని సంతకం పెట్టించినారు.
విజిల్ ఎవురూ అడగలా.
జోబీలోనే ఉండాది.

ఇంటికొస్తానే అముద గడియారం చేతికిచ్చింది.
కుడిచెయ్యి భుజం దాటి లేవలా.
మూడేండ్లయింది అయివారూ, ఈ చెయ్యి లేచి.
రుయాలో డాక్టరు అరిగిపోయిందన్నాడు.
ఎడమచేత్తోనే ఆపతా వచ్చినా ఊరిని,
ఒక్క లారీవాడు కనిపెట్టలా.
చివరికి అముదే స్టూలెక్కి తగిలించింది,
పది నిమిషాలు ముందుకు తిప్పి.

అందురూ పండుకున్నాక
అద్దం ముందర నిలబడినా.
ఎడమచేత్తో కుడి మోచేతిని తోసి
తలమీంచి
అవతలి చెవి కోసం చూసినా.

అందలా.
మళ్లా చూసినా. అందలా.
తల వంచేదానికి మీరు లేరు.

మంచిదే.
చెవి అందనోణ్ణి బడిలో చేర్చుకోరు గదా,
ఇంటికి పోరా, మళ్లా యేడు రాపో అంటారు.

ఇంట్లోనే ఉండా అయివారూ.